జానెడు మొగం

ప్రింటరులోంచి బయటికొచ్చిన మొదటి కాగితం కాసేపు వెచ్చగా ఉంటుంది. మొన్న ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఒక ప్రింటు కొట్లో నిలబడి అట్లాంటి కాగితం ఒకటి అందుకున్నాను. రోడ్డవతల రాయి కోసే మిషన్ కీచుమంటూ తిరుగుతోంది. దాని మీద పోసే నీళ్లకు తడిసిన రాతిపొడి వాసన కొట్లోకి కూడా వస్తోంది. కాగితాన్ని ముందు ముంజేతి మీద ఆనించుకున్నాను. తరువాత బల్ల మీద పరిచి, సంచిలోంచి స్టీలు స్కేలు తీసి, పేజీ అడుగున ఉన్న సన్నని గీత మీద పెట్టాను. కొట్టాయన స్కేలు చూసి నవ్వాడు.

"ఏందక్కా, జాకెట్టు గుడ్డ కొలిచినట్టు కొలుస్తాండావ్? కాగితమేమన్నా ఉతికితే పొట్టిదయ్యేదా?"

"అయితాదన్నా. ఉతక్కుండానే అయితాది," అన్నాను.

ఆయన నమ్మలేదు. నా వెనక ఆధార్ కార్డు జిరాక్సులకు వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. కౌంటరు దగ్గర చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి కాగితాలు తీసుకొని వచ్చేశాను. ముంజేతికి కాగితం ఆనించడం, గీత మీద స్కేలు పెట్టడం, ఈ రెండూ నాతో పుట్టిన అలవాట్లు కావు. మొదటిది ఓబులమ్మ మేడం అలవాటు. రెండోది ఆమె చేసిన ఒక పొరపాటు నాకు మిగిల్చిన అలవాటు. ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఓబులమ్మ మేడం నంద్యాలలో ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో, తరాలుగా శనగ, వరి పండించే రెడ్ల ఇంటి బిడ్డ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "గుర్తు లేకపాయ" అనేవారు. పొడుగాటి మనిషి, చాలా పెద్ద చేతులు. ఆ చేతిలో చాక్‌పీసు అగ్గిపుల్లలా కనిపించేదని ఆమె పాత విద్యార్థినులు చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకొని లెక్కల పుస్తకాలు, ప్రశ్నపత్రాలు అచ్చుకు కూర్చి ఇచ్చేవారు. అందరూ వాడే బొమ్మల తెర సాఫ్ట్‌వేర్ కాదు. టెక్ అనే పాత పద్ధతి. అందులో రాసేదంతా మామూలు అక్షరాలతో రాసి, నల్లతెర మీద ఒక ఆజ్ఞ టైపు చేస్తే, పేజీలు వాటంతటవే కుదురుకొని బయటికి వస్తాయి. సహాయానికి ఒక మనిషి కావాలని ఆమె కాలేజీలో చెప్పిపెట్టారు. ఆ మాట ఎట్లో ఆళ్లగడ్డ దాకా వచ్చి నా చెవిన పడింది.

నా చదువు ఇంటరుతో ఆగింది. అయితే ఆగింది కాలేజీ మాత్రమే. ఆళ్లగడ్డ శాఖా గ్రంథాలయంలో నాకొక కుర్చీ ఉండేది, కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిది. దాని కింద కాగితం మడిచి పెట్టుకొని, సాయంత్రం తలుపు వేసేదాకా చదివేదాన్ని. నిఘంటువులు కథల్లాగా చదివాను. సీసపు అక్షరాలతో అచ్చు ఎట్లా కూర్చేవారో ఒక పాత పుస్తకంలో చదివి, ఆ అక్షరాలు తిరగవేసి ఉంటాయని తెలుసుకొని, వారం రోజులు నా పేరు తిరగవేసి రాసుకున్నాను. ఈ గొప్పలన్నీ నా ముఖం మీద కనిపిస్తుండగానే నంద్యాల వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

"ఏం చదివినావ్?" అన్నారు.

"ఇంటరు మేడం. ఆపైన లైబ్రరీ."

"లైబ్రరీ అని యాడన్నా డిగ్రీ ఉందా మే?"

"లేదు మేడం. ఉండింటే నాకే ఇచ్చింటారు."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, పక్కనున్న స్టూలు కాలితో నా వైపు జరిపారు. "నోరు బాగానే ఉండాది. చేతులెట్లుండాయో చూద్దాం, కూర్చో."

ఆ స్టూలు మీద కూర్చున్నదాన్ని ఏళ్లపాటు లేవలేదు. మొదటి రోజు మౌస్ తీసి డ్రాయరులో పెట్టేశారు. తెర అంతా నలుపు, ఒక మూల చిన్న తెల్లగీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నాకు చీకటి గదిలో ఒంటరిగా వదిలినట్టయింది. "దీన్ని జూసి భయపడొద్దు వరాలూ," అన్నారు. నా పేరు వరలక్ష్మి. ఆమె నోట వరాలు అయింది. "పద్ధతిగా అడిగితే చెప్తాది. తప్పడిగితే మొగం మీదే చెప్తాది, యాడ తప్పిందో కూడా చెప్తాది. మనసులో పెట్టుకోదు. మనుషులకన్నా నయం."

టెక్ పేజీలు కూర్చాక వచ్చే ఫైలును డీవీఐ అంటారు. దాన్ని ఎవరి కంప్యూటరులోనైనా తెరుచుకునే పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వడం మా పనిలో చివరి మెట్టు. అందుకూ ఒక ఆజ్ఞే. ఆ సంగతి చెప్పబోతుంటే నేను ఆగలేకపోయాను.

"డీవీఐ అంటే ఏ యంత్రానికీ కట్టుబడనిది అని అర్థం మేడం. చదివినా."

"సంతోషం. మరి ఆ ఫైల్లో అక్షరాలు యాడుండాయి?"

"ఫైల్లోనే ఉంటాయి గదా మేడం."

"ల్యావు," అన్నారు. నా గ్రంథాలయం ఒక్కసారి తలుపు మూసుకున్నట్టయింది. అది చూసి ఆమె గొంతు తగ్గించారు. "పెండ్లి బంతి చూసినావు గదా. ఎవురు యాడ కూర్చోవల్ల, ఇస్తరికీ ఇస్తరికీ నడుమ ఎంత జాగా, అంతా రాసిపెట్టిన చీటీ అనుకో ఇది. మనుషులు ఇంగా రాలా. వాళ్లను పిల్చేది మిషను. ఆ మిషన్లో ఆ అక్షరాలు లేకపోతే, బొమ్మలు లేకపోతే, బంతి ఖాళీ."

"మరి పీడీఎఫ్?"

"అది సద్ది కట్టుకొని పొయ్యే మనిషి. తన తిండి తన మూటలోనే. ఉయ్యాలవాడ పోనీ, ఊరుగాని ఊరు పోనీ, ఎవురినీ ఏమీ అడగదు. కూర్చొని మూట ఇప్పుకుంటాది. అయితే ఆ మూట కట్టాల్సింది మనం. కట్టకుండా పంపించినామనుకో, పొయినకాడ నోరు తెరుచుకొని నిలబడతాది."

ఆ తరువాత నేను ఏ ఫైలు మార్చినా ఆమె అడిగే మాట ఒకటే: "సద్ది కట్టినావా?" ఏ పుస్తకంలోనూ నాకు దొరకని వివరణ అది. గ్రంథాలయంలో నేను మాటలు నేర్చుకున్నాను. ఒక మాటను పట్టుకొని లోపలికి చూడడం, అందులో ఏముందో కాదు, ఏం లేదో చూడడం, ఆ ముందు గదిలో నేర్చుకున్నాను.

ఆమెకొక కట్టుబాటు ఉండేది. మార్చిన పీడీఎఫ్ మా కంప్యూటరులో ఎంత బాగా కనిపించినా లెక్కలోకి రాదు. "మన ఇంట్లో మనం అందంగానే ఉంటాం. పరాయి ఇంట్లో ఎట్లుండాదో చూడల్ల." అందుకని పెన్‌డ్రైవ్ తీసుకొని సందు చివర బాషా అన్న ఇంటర్నెట్ కొట్టుకు నడిచేవాళ్లం. అక్కడ ఆయన పాత మిషన్‌లో తెరిచి, ప్రతి పేజీ చూసి, అప్పుడు గాని పని అయినట్టు కాదు. బాషా అన్న విసుక్కునేవాడు. "మేడం, మీ ఇంట్లో రెండు మిషన్లు పెట్టుకొని నా డబ్బా కాడికి ఏంటికొస్తారు?" అంటే, "నీ డబ్బాలో కనపడితే దేశమంతా కనపడతాది బాషా," అనేవారు. అది పొగడ్తో తిట్టో తెలియక ఆయన టీ తెప్పించేవాడు.

నేను చేరిన కొన్నేళ్లకు ఆమె కళ్లు మసకబారాయి. నీటికాసులు అన్నారు డాక్టర్లు. ఒక కన్ను దాదాపు పోయింది, రెండో కన్ను తెరను పొగలోంచి చూసినట్టు చూసేది. అప్పటినుంచి నేను ఆజ్ఞను టైపు చేసి, నొక్కేముందు పైకి చదివేదాన్ని. ఆమె పక్కన కుర్చీలో కళ్లు మూసుకొని వినేవారు. ఎక్కడ ఖాళీ వదలాలో అక్కడ "ఖాళీ" అని కూడా చదవాలి. ఒక్క ఖాళీ మరిచిపోయినా "రెండు మాటలు అతుక్కున్నాయి చూడు" అనేవారు. సంగీతం పంతులమ్మకు అపస్వరం దొరికినట్టు ఆమెకు తప్పు చెవికి దొరికేది. అట్లా ఆమె చెవులు, నా కళ్లు, నా వేళ్లు కలిసి ఒక మనిషి పని చేశాయి.

ఆ రోజుల్లోనే ఆళ్లగడ్డనుంచి మౌనేశ్ వచ్చాడు. నాకన్నా కొంచెం పెద్దవాడు, శిల్పి. చెప్పులు బయట విడిచి, కాళ్లకంటిన రాతిపొడి దులుపుకొని, లోపలికొచ్చి ఆమె కాళ్లకు మొక్కాడు. అతని తండ్రి వీరయ్యాచారి అమ్మవార్ల విగ్రహాలకు పేరున్నవాడని ఆ ఊళ్లోనే పుట్టినదాన్ని కాబట్టి నాకూ తెలుసు. చనిపోయి కొన్నేళ్లయింది. చాలాకాలం కిందట ఆయన తన గీతలన్నీ ఒక చిన్న పుస్తకంగా వేయించుకున్నారనీ, దాన్ని కూర్చింది మేడమేననీ మాత్రం అప్పుడే తెలిసింది. అందులో ముఖాల బొమ్మలు అసలు కొలతలో ఉండేవి. కాగితాన్ని రాయి మీద పరిచి, ఎర్రటి జాజు పొడితో గీత దించుకొని, దాని మీదే ఉలి నడిపేవారు. వేయించిన కొద్ది కాపీలు పనిలో నలిగి, తడిసి, చిరిగి ఒక్కటీ మిగల్లేదు.

"ఉయ్యాలవాడ పక్క ఊరోళ్లు అమ్మవారిని చెయ్యమన్నారు మేడం," అన్నాడు మౌనేశ్. "మా నాయన చేసిన మొగమే కావల్లంట. నాయన కొలతలు పీఠానికీ ఒంటికీ నాకు నోటికి తెలుసు, ఒళ్లంతా ఎత్తేసినాను. మొగం కాడ చెయ్యి ఆగిపోయింది. కండ్లు మూసుకుంటే కనపడతాది, తెరిస్తే పోతాది."

"ఫోటోలు లేవా?"

"ఉండాయి. పూలు, పసుపు, వెండి కిరీటం. మొగం యాడ కనపడతాది?"

శిల్పానికి ముఖమే కొలత. నుదుటి మీద వెంట్రుకల అంచునుంచి గడ్డం దాకా ఉన్న పొడవును బట్టే మిగతా ఒళ్లంతా లెక్క కడతారు. ఒళ్లు తండ్రి కొలతలో లేచి ఉంది కాబట్టి దాని మీద తండ్రి ముఖమే కూర్చోవాలి. వేరేది పెడితే మనిషి మీద మరో మనిషి తల పెట్టినట్టే. నల్లరాయి ఒక్కటే, ఆ ఊరివాళ్లు మళ్లీ తేలేరు. అతను అడుగుతున్నది తండ్రి చేతిని. అది ఎక్కడన్నా మిగిలి ఉంటే మా పాత ఫైళ్లలోనే ఉండాలి.

డీవీఐ దొరికింది. నేను ఆజ్ఞ టైపు చేసి చదివాను, ఆమె తలూపారు, నొక్కాను. మాటలన్నీ వచ్చాయి. "అమ్మవారి ముఖం, ఎదుటినుంచి" అని పేజీ పైన తెలుగులో చక్కగా ఉంది. దాని కింద తెల్లగా ఖాళీ. పేజీ తరువాత పేజీ అంతే. బొమ్మ ఎక్కడ కూర్చోవాలో రాసి ఉంది, బొమ్మ లేదు. మౌనేశ్ ఆ తెల్లటి చోటును చూస్తూ నిలబడ్డాడు.

"బంతి ఖాళీ," అన్నారు మేడం మెల్లగా. చాలాసేపు గుర్తు తెచ్చుకొని, "బొమ్మలు వేరే సీడీలో పెట్టి మీ నాయనకే ఇచ్చినానప్పా. పుస్తకం ఆయనది, బొమ్మలు ఆయన దగ్గరే ఉండల్ల అని," అన్నారు.

"మా నాయనకు కంప్యూటర్ యాడిది మేడం?"

"లేదని తెలుసు. అయినా ఆయనదే గదా."

మరునాడు ముగ్గురం ఆళ్లగడ్డ వెళ్లాం. మౌనేశ్ వాళ్లమ్మ ఈశ్వరమ్మ ఇల్లంతా, పెట్టెలన్నీ, అటకంతా వెతికింది. వెతుకుతూ తిడుతూ ఉంది. "ఎండు శనగలు ఆరబోసినప్పుడు పక్షులు రాకుండా మిద్దె మీద కట్టినాం గదరా కొన్ని సీడీలు. అయ్యేమో సినిమా పాటలవి." అందరం నిరాశగా పనిశాలలోకి వచ్చి కూర్చున్నాం. అక్కడ ఒక పనివాడు భోజనానికి లేచి, ముఖం కడుక్కొని, గోడ దగ్గర నిలబడి తల దువ్వుకుంటున్నాడు. గోడకు మేకు, మేకుకు అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్ల.

"అదేందిరా?" అన్నాడు మౌనేశ్.

"అద్దం. మీ నాయన ఉన్నప్పటిది."

దాన్ని మేకునుంచి తీసి వెనక్కి తిప్పాను. వెనకవైపు మేడం చేతిరాత, వెలిసిన సిరాలో, ఇంకా చదవడానికి వస్తోంది: వీరయ్యాచారి గారి బొమ్మలు. ఇన్నేళ్లూ పనివాళ్లందరూ ఆ అమ్మవారి ముఖం ముందు నిలబడి తమ ముఖాలు చూసుకుంటూ ఉన్నారు. నేను పైకి చదవగానే ఈశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. "నీ మొగుడు తెలివిగల్లోడు ఈశ్వరమ్మా," అన్నారు మేడం. "నీడపట్టున, గోడకు, అందరి కండ్లెదురుగా పెట్టినాడు. పెట్టెలో పెట్టింటే ఎలకలు కొరికింటాయి."

మెత్తటి గుడ్డతో తుడిచి, గీతలు పడినచోట మొండికేస్తే మళ్లీ మళ్లీ పెట్టి, నంద్యాలలో ఆ బొమ్మలన్నీ బయటికి తీశాం. ఆజ్ఞ మళ్లీ నడిపాను. ఈసారి తెల్లటి చోటులో ముఖం వచ్చింది. కొంచెం దించిన రెప్పలు, చెప్పబోయి ఆగినట్టున్న పెదవులు. నేను చూసింది చూసినట్టు మేడంకు చెప్పాను. ఆమె తెరకు బాగా దగ్గరగా వచ్చి, చూడలేక, తెర అద్దం మీద అరచెయ్యి పెట్టి తీసేశారు. గురువారం సాయంత్రం బాషా అన్న కొట్లో తెరిచి చూశాం. అక్షరాలున్నాయి, బొమ్మలున్నాయి. "సద్ది కట్టినావు," అన్నారు. మౌనేశ్ ఫోనుకు పంపాం. ఊళ్లోనే ప్రింటు తీసుకున్నాననీ, శుక్రవారం రాహుకాలం పోగానే ముఖం మీద ఉలి పెడతాననీ చెప్పాడు.

ఆ ముఖం పేజీ ఒకటి తనకూ కావాలని మేడం బాషా అన్నను అడిగారు. అప్పుడే కరెంటు పోయినందువల్ల ఆయన శుక్రవారం పొద్దున తీసి ఇంటికి తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని ముంజేతికి ఆనించుకొని, వెచ్చగా ఉందని చిన్నగా నవ్వారు. తరువాత ఒడిలో పెట్టుకొని కుడిచెయ్యి చాచి పరిచారు. బొటనవేలు గడ్డం మీద, చిటికెన వేలు నుదుటి అంచు మీద. నేను అన్నం వారుస్తూ వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆమె చెయ్యి తీసి, మళ్లీ పరిచి, మళ్లీ తీశారు.

"వరాలూ, ఈడికి రా. నా చిటికెనేలు యాడుండాది చూడు."

"నుదురు దాటి బయటికొచ్చింది మేడం. గోరంత."

ఆమె ముఖం తెల్లబోయింది. "రాకూడదు. పుస్తకం వేసిన దినం వీరయ్యాచారి ఈ బొమ్మ మీద నా చెయ్యి పెట్టించినాడు. 'చూడండి మేడం, మా అమ్మవారి మొగం సరిగ్గా మీ జానెడు' అని. గీతకు గీత కుదిరింది. నా చెయ్యి పెరగలేదు గదా మే. బొమ్మ తగ్గింది."

ఎందుకు తగ్గిందో ఆమెకే తట్టింది. మార్చే ఆజ్ఞలో కాగితం కొలత చెప్పలేదు. మనం చెప్పకపోతే అది అమెరికా వాళ్ల కాగితం అనుకుంటుంది. ఆ కాగితం మనం వాడే దానికన్నా కొంచెం పొట్టి, కొంచెం వెడల్పు. దాన్ని మన కాగితం మీద ఇమడ్చడానికి ప్రింటరు మొత్తం పేజీని కాస్త కుదించింది. ప్రశ్నపత్రానికైతే ఎవరికీ తెలియదు. బాషా అన్న తెర మీద కూడా తెలియదు. తెర మీద ఏ బొమ్మ అయినా ఎంత కావాలంటే అంత కనిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆమె నమ్ముకున్న పరీక్షకు దొరకని తప్పు అది. కానీ మౌనేశ్ అట్లా కుదించిన కాగితాన్నే రాయి మీద పరిచి ఉంటాడు.

ఫోను చేస్తే కలవలేదు. ముఖం పని నాడు వాళ్లు ఫోన్లు ఆపి పెట్టెలో పెట్టేస్తారు. అన్నం అట్లాగే వదిలేసి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని, ఆమె చెయ్యి పట్టుకొని బస్సెక్కాను. శిరివెళ్ల దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మేడం ఒక్కసారి "టైమెంత?" అన్నారు. రాహుకాలం ఇంకా ఉందన్నాను. "మంచిది. ఉండనీ," అన్నారు. రాహుకాలం ఇంకాసేపు ఉండాలని కోరుకున్న మనిషిని నేను ఆమెనొక్కరినే చూశాను.

పనిశాలలో రాయికి కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ పక్కన ఉంది. నల్లటి రాయి మీద జాజుతో దించిన ముఖం ఎర్రగా కనిపిస్తోంది. మౌనేశ్ ఉలి కడిగి గుడ్డతో తుడుస్తున్నాడు. మేడం గుమ్మంలోంచే గట్టిగా అన్నారు.

"మౌనేశా, ఉలి కింద పెట్టప్పా. ఆ మొగం తప్పు."

అందరూ లేచి నిలబడ్డారు. ఒక ముసలి పనివాడు నా వైపు చూసి, "ఈ పాప ఏమన్నా తప్పు కొట్టిందా?" అన్నాడు.

"పాప నేను చెప్పింది కొట్టింది. చెప్పాల్సింది నేను చెప్పలేదు. తప్పు నాది," అన్నారు మేడం. ఆ మాటలో వంకర లేదు, వణుకు లేదు. నల్లతెర తప్పు చెప్పినట్టు చెప్పారు. ఎక్కడ తప్పిందో కూడా చెప్పారు. కాగితం సంగతి అర్థమయ్యేదాకా మళ్లీ చెప్పారు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి అంతమంది ముందు తన లెక్క తప్పిందనడం నాకు కష్టంగా ఉంది. ఆమెకు అట్లా ఉన్నట్టు కనపడలేదు. రాయి బతికిందనే తేలిక ఒక్కటే ఆ ముఖంలో ఉంది.

మౌనేశ్ ఉలి పళ్లెంలో పెట్టి రాయి ముందు గొంతుకు కూర్చున్నాడు. "పొద్దుటినుంచీ నాకేందో కుదరడం ల్యా మేడం," అన్నాడు. "నాయన అమ్మవారు పెద్ద ముత్తైదువ లెక్కుంటాది. ఇది పెండ్లిగాని పిల్ల లెక్కుండాది. నా కండ్లదే లోపమేమో అనుకుంటి. నాయన గీతను తప్పనేదానికి నేనెంతటోణ్ణి అని గమ్మునుంటి."

"ఇంగ ముందు గమ్మునుండొద్దు," అన్నారామె. "కంటికి తప్పు కనపడితే నాయనదైనా అను, నాదైనా అను."

అక్కడే లాప్‌టాప్ తెరిచాను. కాగితం పేరు కలిపి ఆజ్ఞ టైపు చేసి పైకి చదివాను. పనివాళ్లంతా మంత్రం వింటున్నట్టు నిలబడ్డారు. "ఖాళీ" అన్నప్పుడల్లా ఒకడు కిసుక్కున నవ్వాడు. ప్రింటు తీసేటప్పుడు "కాగితానికి సరిపెట్టు" అన్నది తీసేసి "అసలు కొలత" అన్నది ఎంచుకోవాలని ఆమె నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. ప్రింటు కొట్టుకు పరుగెత్తిపోయి కాగితం తెచ్చాను. ఆమె చెయ్యి పరిచారు. బొటనవేలు గడ్డం మీద, చిటికెన వేలు సరిగ్గా నుదుటి అంచు మీద. మౌనేశ్ తడిగుడ్డతో రాయి మీది ఎర్ర ముఖాన్ని తుడిచేశాడు.

ఈశ్వరమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "అక్కా, నీ చెయ్యి ఈడ పెట్టిపో. మాకు కొలతకు పనికొస్తాది," అంది.

"నా చెయ్యి నాకు కావల్ల, అన్నం తినేదానికి," అన్నారు మేడం. తరువాత నా వైపు తిరిగారు. "చెయ్యి పెట్టి పోలేను గానీ గీత పెట్టి పోతా. వరాలూ, ప్రతి పేజీ అడుగున సన్న గీత ఒకటి గియ్యి. సరిగ్గా పది సెంటీమీటర్లు. కింద ఏం రాయల్లో నువ్వు రాయి. చదివినదానివి గదా."

నేను రాసింది ఇది: ఈ గీత పది సెంటీమీటర్లు. కొలిచి చూడండి. తగ్గితే రాయి ముట్టకండి. నా రాతల్లో రాతిదాకా వెళ్లినవి ఇవి మాత్రమే.

ఆ అమ్మవారు ఇప్పుడు గుడిలో ఉంది. పూలు, పసుపు, వెండి కిరీటం. ముఖం యాడ కనపడుతుంది! అయినా ఒకసారి అలంకారానికి ముందు, పూజారి తెరలాగేలోపు, ఆ దించిన రెప్పలు చూశాను. వాటిని చెక్కింది మౌనేశ్ తండ్రి కాదు, మౌనేశే. తేడా నాకైతే తెలియలేదు.

కొన్నాళ్లకు నేను ఆళ్లగడ్డలో సొంతంగా చిన్న గది తీసుకొని పని మొదలుపెట్టాను. ఆమే పొమ్మన్నారు. బయలుదేరే రోజు గుమ్మంలో నిలబడి, క్లాసులో వాడిన పాత స్టీలు స్కేలు నా చేతిలో పెట్టారు. అప్పటికి ఆమెకు వెలుతురూ చీకటీ మాత్రమే తెలిసేవి. నా చెయ్యి పట్టుకొని, తన అరచేతి మీద పరిచి, వేళ్ల కొనలు తడిమి చూశారు.

"చిన్న చెయ్యి. నా జాన నీకు రాదు. ఇది పెట్టుకో," అన్నారు. మెట్లు దిగాక వెనకనుంచి మళ్లీ గొంతు వినిపించింది. "సద్ది కట్టినావా?"

"కట్టినా మేడం," అన్నాను.

నిరుడు చలికాలంలో ఆమె పోయారు. కోయిలకుంట్ల దగ్గర వాళ్ల పల్లెలో, శనగ చేల మధ్య. మౌనేశ్ వచ్చాడు. సమాధి మీద రాయి ఏమీ పెట్టొద్దని ఆమె ముందే చెప్పారట. అతను ఆమె చేతుల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

మొన్న ప్రింటు కొట్లోనుంచి తెచ్చింది ఆ ముఖం పేజీయే. మౌనేశ్ దగ్గర కొత్తగా చేరిన ఒకమ్మాయి కోసం. కొట్లో ఆ పేజీ తీసుకున్న ప్రతిసారీ నేను చేసే పని ఒకటి ఉంది, కొట్టాయన చూడనిది. స్కేలు తీయడానికి ముందు, ఎవరూ గమనించకుండా, నా చెయ్యి ఆ ముఖం మీద పరుస్తాను. బొటనవేలు గడ్డం మీద పెడతాను. చిటికెన వేలు కనుబొమ్మ దాటి కొంచెం పైకి పోయి ఆగిపోతుంది. ఎంత చాచినా నుదుటి అంచు అందదు. అప్పుడు సంచిలోంచి స్కేలు తీస్తాను.